మౌనం అర్ధాంగీకారం ఎలా అవుతుంది? గుంపులో మనిషి ఆలోచన మారే తీరు

క్లుప్తంగా: ఒంటరిగా ఉన్నప్పుడు మనిషి ఇచ్చే జవాబూ, నలుగురిలో ఉన్నప్పుడు ఇచ్చే జవాబూ ఒకటి కాకపోవచ్చు. మనుషులు గొర్రెలు కావడం దీనికి కారణం కాదు. ఎదుటివారి తీరును సమాచారంగా చదువుకోవడం ఒక కారణం, వారి కళ్లలో చెడ్డ కాకూడదనుకోవడం మరో కారణం. ఆ చదువుకోవడంలోనే తరచూ పొరపాటు జరుగుతుంది. ప్రతి ఒక్కరూ మిగతావారి మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కేస్తారు. ఈ విషయంపై జరిగిన పేరుపొందిన ప్రయోగాలు ఏం చూపాయి, వాటిలో ఏవి నిలిచాయి, ఏవి సందేహంలో పడ్డాయి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పాఠం అయిపోయాక మాస్టారు "అర్థమైందా?" అని అడుగుతారు. తరగతిలో ఎవరూ నోరు మెదపరు. అర్థం కాని విద్యార్థి పక్కవాడి ముఖం చూస్తాడు. అది నిబ్బరంగా కనిపిస్తుంది. నా ఒక్కడికే ఎక్కలేదు కాబోలు అనుకుని ఊరుకుంటాడు. పక్కవాడూ సరిగ్గా ఇదే లెక్క వేసుకుని ఊరుకున్నాడన్న సంగతి ఇద్దరికీ తెలియదు. మాస్టారు పేజీ తిప్పేస్తారు.

ఇక్కడ ఎవరూ ఎవరినీ బెదిరించలేదు, బతిమాలలేదు. అయినా అడగాల్సిన ప్రశ్న అడగకుండా పోయింది. సామాజిక ప్రభావం అనగానే ఊగిపోయే జనసమూహాలు, నియంతల సభలు గుర్తుకొస్తాయి గానీ, దాని అసలు పని చాలావరకు ఇలాంటి చప్పుడు లేని గదుల్లోనే జరుగుతుంది.

## గీతల పరీక్ష

కటిక చీకట్లో చిన్న వెలుగు చుక్కను కాసేపు చూస్తే, అది కదలకపోయినా కదిలినట్టు అనిపిస్తుంది. ఇది కంటికి సహజమైన భ్రమ. 1935లో మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ ఈ భ్రమనే ప్రయోగంగా మలిచాడు. చుక్క ఎంత దూరం కదిలిందని ఒక్కొక్కరినే అడిగితే తలా ఒక కొలత చెప్పారు. ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెట్టి పదేపదే అడిగితే కొలతలు క్రమంగా దగ్గరపడ్డాయి. ఆసక్తికరమైన సంగతి ఆ తర్వాతది. మళ్లీ విడివిడిగా అడిగినప్పుడు కూడా వారు ఆ ఉమ్మడి కొలతనే పట్టుకున్నారు. అంటే ఎవరి మెప్పు కోసమో చెప్పిన మాట కాదది. గుంపు కొలత వారి సొంత కొలతగా మారిపోయింది.

జవాబు తేలని ప్రశ్నకు పక్కవారిని చూడటంలో వింతేమీ లేదు. మరి జవాబు కళ్లెదుటే ఉంటే? 1950ల మొదట్లో సోలమన్ ఆష్ అడిగిన ప్రశ్న ఇది. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు. మొదటిదానికి సమానమైనది మూడింటిలో ఏదో చెప్పాలి. ఒంటరిగా అడిగితే నూటికి ఒక తప్పు కూడా రాని పరీక్ష. అయితే గదిలో కూర్చున్న ఏడెనిమిది మందిలో ఒక్కరే అసలు అభ్యర్థి. మిగతా వారంతా ప్రయోగం చేసేవారి మనుషులు. అసలు వ్యక్తి వంతు దాదాపు చివర్లో వస్తుంది. మొదటి రెండు సార్లు అందరూ సరిగ్గానే చెప్తారు. ఆ తర్వాత మొదలవుతుంది. మొత్తం 18 సార్లలో 12 సార్లు ఆ మనుషులందరూ ఏకకంఠంతో ఒకే తప్పు చెప్తారు.

ఆ 12 సార్లకు వచ్చిన జవాబుల్లో సుమారు 37 శాతం గుంపు చెప్పిన తప్పుకే మొగ్గాయి. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా లొంగారు. చాలా పాఠ్యపుస్తకాలు కథను ఇక్కడే ఆపేస్తాయి. అదే పట్టికను రెండో చివర నుంచి చదివితే, మూడింట రెండు వంతులకు దగ్గరగా జవాబులు సరైనవే. నలుగురిలో ఒకరు ఒక్కసారి కూడా లొంగలేదు. కాబట్టి "మనిషి గుంపుకు దాసుడు" అనేది ఈ ప్రయోగం చెప్పిన మాట కాదు. ఎలాంటి పరిస్థితిలో లొంగుతాడు, ఎలాంటి పరిస్థితిలో నిలబడతాడు అన్నదే దాని అసలు విలువ.

ఆ వివరాలు తెలిసేది ఆష్ ప్రయోగాన్ని అటూ ఇటూ మార్చి చేసిన రకాల్లో. ఎదుట ఒక్కరే తప్పు చెప్తే దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరు చెప్తే కొంత ఊగిసలాట కనిపించింది. ముగ్గురయ్యేసరికి ప్రభావం దాదాపు పూర్తి స్థాయికి చేరింది. ఆ పైన మందిని పెంచినా పెద్దగా పెరగలేదు. సరైన జవాబు చెప్పే తోడు ఒక్కడు దొరికితే తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. ఆ తోడు మధ్యలో గుంపు వైపు ఫిరాయిస్తే తప్పులు మళ్లీ ఎగబాకాయి. అదే తోడు ఏదో పని ఉందని గది వదిలి వెళ్లిపోతే మాత్రం, అతడు ఇచ్చిన ధైర్యం అతడు వెళ్లాక కూడా కొంతవరకు నిలిచింది. జవాబును పైకి చెప్పకుండా కాగితం మీద రాసే వీలు కల్పించినప్పుడూ లొంగుబాటు బాగా తగ్గింది.

ఇదంతా ఒక దేశానికో, ఒక కాలానికో చెందిన లక్షణమా అన్న అనుమానం సహజం. 17 దేశాల్లో జరిగిన 133 గీతల ప్రయోగాలను కలిపి చూసిన 1996 నాటి విశ్లేషణ ప్రకారం, ప్రభావం అన్నిచోట్లా ఉంది, మోతాదే వేరు. సమష్టి భావన బలంగా ఉన్న సమాజాల్లో ఎక్కువ, వ్యక్తి స్వేచ్ఛకు పెద్దపీట వేసే సమాజాల్లో తక్కువ. అమెరికాలో 1950ల నుంచి అది తగ్గుతూ వచ్చింది.

## తెలియక కొంత, మొహమాటంతో కొంత

షెరీఫ్ చుక్కకూ ఆష్ గీతకూ ఉన్న తేడాను 1955లో మోర్టన్ డ్యూయిష్, హెరాల్డ్ జెరార్డ్ స్పష్టంగా విడదీశారు. ఎదుటివారికి నాకన్నా బాగా తెలిసి ఉంటుందన్న నమ్మకంతో అనుసరించడం ఒకటి. ఎదుటివారు ఏమనుకుంటారోనన్న బెరుకుతో అనుసరించడం రెండోది. మొదటిదానిలో అభిప్రాయమే మారుతుంది. రెండోదానిలో మాట మారుతుంది, అభిప్రాయం లోపల అలాగే ఉండిపోతుంది. రెండోదానికి పారిభాషిక పదం వెతకనక్కర్లేదు, మొహమాటం అంటే సరిపోతుంది.

ఈ విభజన ఎందుకు ముఖ్యమంటే, రెండింటికీ మందు వేరు. తెలియక అనుసరించేవారికి మెరుగైన సమాచారం ఇస్తే చాలు. మొహమాటంతో అనుసరించేవారికి సమాచారం ఎంత ఇచ్చినా లాభం లేదు, వారికి కావలసింది చాటు. ఆష్ ప్రయోగంలో కాగితం చేసిన పని అదే. రహస్య బ్యాలెట్ వెనకున్న తర్కమూ అదే.

అనుసరించడాన్ని బలహీనతగా మాత్రమే చూడటం కూడా సరికాదు. కొత్త చోట జనం నడిచిన బాటనే పట్టుకోవడం ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ ఉన్న పద్ధతి. 1969లో అచ్చయిన న్యూయార్క్ ప్రయోగంలో కాలిబాట మీద కొందరు నిలబడి ఎదుటి భవనం కిటికీ వైపు తదేకంగా చూశారు. ఒక్కరే చూస్తుంటే దారిన పోయేవారిలో 4 శాతం ఆగారు. 15 మంది చూస్తుంటే 40 శాతం ఆగారు. పదిహేను మంది తలెత్తి చూస్తున్న చోట ఏదో ఉండే ఉంటుందనుకోవడం తెలివితక్కువ పనేమీ కాదు.

చిక్కు వచ్చేది ఆ పదిహేను మందీ ఒకరిని చూసి ఒకరు ఆగినప్పుడు. పదిహేను కళ్ల జతలు చూసినట్టు కనిపిస్తుంది గానీ, సొంతంగా చూసింది ఒకటే జత. 1907లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక పశువుల ప్రదర్శనలో 787 మంది వేసిన అంచనాలను పరిశీలించాడు. ఒక ఎద్దు మాంసం బరువు ఎంతో చెప్పాలి. అంచనాల నడిమి విలువ 1,207 పౌండ్లు, అసలు బరువు 1,198 పౌండ్లు. ఈ ఫలితాన్ని చూపి "జనం తెలివి" గురించి గొప్పగా చెప్తుంటారు. అక్కడ ఎవరి చీటీ వారు రాశారన్న సంగతి మాత్రం మరిచిపోతుంటారు. 2011లో స్విట్జర్లాండ్‌లో విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, ఇతరుల అంచనాలు చూపించగానే జవాబులన్నీ ఒక చోటికి చేరాయి. అవి నిజానికి మాత్రం పెద్దగా దగ్గరపడలేదు. పైగా అందరి మాటా కలిసిందని వారిలో ధీమా పెరిగింది. ఏకాభిప్రాయం పెరిగినంత మాత్రాన సాక్ష్యం పెరగదు.

## ఎవరూ కదలని గది

1964లో న్యూయార్క్‌లో ఒక యువతి హత్య జరిగింది. 38 మంది చూస్తూ ఊరుకున్నారని పత్రిక రాసింది. ఆ అంకె ఎంత పాకిందంటే, నగర జీవితపు నిర్దయకు అది మారుపేరైంది. కానీ ఆ కథనం లోపభూయిష్టమని తర్వాతి పరిశోధనలు తేల్చాయి, ప్రచురించిన పత్రికే 2016లో ఆ సంగతి ఒప్పుకుంది. చాలామంది పూర్తి ఘటన చూడలేదు. చూసినవారిలో కేక వేసినవారు, సాయానికి వెళ్లినవారు ఉన్నారు. మూల కథలో ఇన్ని లోపాలు తేలినా, దాని వల్ల పుట్టిన పరిశోధన మాత్రం గట్టిదే.

బిబ్ లటానే, జాన్ డార్లీ చేసిన పొగ ప్రయోగం 1968లో అచ్చయింది. గదిలో కూర్చుని ఫారం నింపుతుంటే గోడలోని సందులోంచి పొగ వస్తుంది. ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం లేచి వెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు మనుషులు ఏమీ పట్టనట్టు ఫారం నింపుకుంటూ ఉంటే చెప్పినవారు 10 శాతమే. కళ్లు మండుతున్నా, దగ్గు వస్తున్నా, చేత్తో పొగను తోసుకుంటూ రాస్తూ కూర్చున్నారు. తర్వాత అడిగితే పక్కవారి వల్ల కదల్లేదని ఎవరూ అనలేదు. అది ఆవిరి అనుకున్నాం, ఏసీ నుంచి వస్తోందనుకున్నాం అన్నారు.

అదే ఏడాది మరో ప్రయోగంలో, ఇంటర్‌కామ్‌లో మాట్లాడుతున్న వ్యక్తికి మూర్ఛ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడే అనుకున్నవారిలో 85 శాతం, ఇంకా నలుగురు వింటున్నారనుకున్నవారిలో 31 శాతం మాత్రమే ఆ మాటలు ఆగిపోయేలోపు సాయానికి లేచారు. ఎవరో ఒకరు చూసుకుంటారులే అన్న లెక్కలో బాధ్యత పలచబడిపోతుంది. లేవనివారు మనసు లేనివారు కారు. చాలామంది చేతులు వణుకుతూ, ఏం చేయాలో తేలక కొట్టుమిట్టాడారు.

దీన్ని పట్టుకుని "జనంలో ఉంటే సాయం అందదు" అనడం తొందరపాటు. ఆమ్‌స్టర్‌డామ్, కేప్‌టౌన్, లాంకాస్టర్ నగరాల్లో వీధి కెమెరాలకు చిక్కిన 219 గొడవలను పరిశీలించిన ఒక ఇటీవలి అధ్యయనంలో, పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒకరు కలగజేసుకున్నారు. చుట్టూ జనం పెరిగితే ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశమూ పెరిగింది. రెండు ఫలితాలూ ఒకదానికొకటి అడ్డు రావు. పొగ గదిలో ఏం జరుగుతోందో తెలియదు. వీధిలో కొట్లాట అయితే ఏం జరుగుతోందో ప్రత్యేకంగా ఒకరు చెప్పనక్కర్లేదు. ప్రమాదం స్పష్టంగా ఉన్నప్పుడు పక్కవారి ముఖాల్లో జవాబు వెతకాల్సిన పని లేదు.

## అందరూ ఒప్పుకున్నారనుకుని

తరగతి గది దృశ్యానికి సామాజిక శాస్త్రంలో ఒక పేరుంది, ఉమ్మడి అజ్ఞానం. లోపల చాలామందికి ఇష్టం లేని ఆచారం కూడా, మిగతా అందరికీ ఇష్టమేననుకోవడం వల్ల కొనసాగిపోతుంది.

దీనికి బలమైన ఉదాహరణ 2020లో అచ్చయిన రియాద్ పరిశోధన. పెళ్లయిన యువకులను కూర్చోబెట్టి, ఆడవారు ఇంటి బయట ఉద్యోగం చేయడంపై అభిప్రాయాన్ని రహస్యంగా అడిగారు. అత్యధికులు సరేనన్నారు. ఈ గదిలో మీలాగే అనేవారు ఎందరుంటారని అడిగితే, నలుగురిలో దాదాపు ముగ్గురు అసలు కన్నా తక్కువ అంకె చెప్పారు. తర్వాత కొందరికి అసలు అంకె చెప్పారు. వారు తమ భార్యల పేర్లను ఉద్యోగాలు చూపే సేవలో ఎక్కువగా నమోదు చేశారు. కొన్ని నెలల తర్వాత చూస్తే, ఆ ఇళ్లలోని మహిళలు బయటి ఉద్యోగాలకు దరఖాస్తు చేయడం, ఇంటర్వ్యూలకు వెళ్లడం కూడా పెరిగింది. ఎవరి మనసూ మార్చలేదు. ఎవరి మనసులో ఏముందో చెప్పారు, అంతే.

ఇదే సూత్రం అడ్డం తిరిగిన సందర్భమూ ఉంది. అమెరికాలోని అరిజోనాలో శిలాజ వృక్షాల జాతీయ పార్కు నుంచి సందర్శకులు చెక్క ముక్కలు పట్టుకుపోతుంటారు. "గతంలో ఎందరో ముక్కలు తీసుకెళ్లారు, అడవి రూపు మారిపోతోంది" అనే అర్థం వచ్చే బోర్డు పెట్టిన చోట, గుర్తు పెట్టి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం పోయాయి. "దయచేసి తీయకండి" అన్న బోర్డు దగ్గర పోయింది 2 శాతం లోపే. "అందరూ చేస్తున్నారు, దారుణం" అన్న వాక్యంలో జనానికి మొదటి సగమే వినపడింది. అవినీతి మీదా, రోడ్డు నిబంధనల మీదా జరిగే ప్రచారంలో ఈ పొరపాటు నిత్యం కనిపిస్తుంది.

## మంది ఎక్కువైతే

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్న మాటను ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజినీరు తాడుతో కొలిచాడు. ఎనిమిది మంది కలిసి లాగితే తలసరి బలం ఒంటరిగా లాగినప్పటి దానిలో సగానికి పడిపోయింది. లయ కుదరకపోవడం ఇందులో ఒక భాగం. రెండో భాగం 1970ల ప్రయోగాల్లో తేలింది. కళ్లకు గంతలు కట్టి, వెనక మనుషులున్నారని నమ్మించినా సరే, లాగేవారు బలం తగ్గించారు. గుంపులో గోవిందా అన్నమాట. ఎవరెంత పని చేశారో విడిగా తెలిసేలా చేస్తే ఈ సడలింపు తగ్గిపోతుంది.

తమాషా ఏమిటంటే, నలుగురి కళ్లు పడితే పని జోరందుకోవడమూ నిజమే. సైకిల్ పందెగాళ్లు ఒంటరిగా కన్నా పోటీలో వేగంగా వెళ్లడాన్ని 1898లోనే నార్మన్ ట్రిప్లెట్ గమనించాడు. ఈ రెంటినీ 1965లో రాబర్ట్ జాయన్స్ ఒక తాటి మీదికి తెచ్చాడు. ఎదుట మనుషులుంటే ఒంట్లో ఉద్వేగం పెరుగుతుంది, ఉద్వేగం చేయి తిరిగిన పనిని మెరుగుపరుస్తుంది, కొత్త పనిని చెడగొడుతుంది.

## చర్చ ముదిరితే

భిన్నాభిప్రాయాలున్నవారు కూర్చుని మాట్లాడుకుంటే మధ్యేమార్గం దొరుకుతుందన్నది అందరి నమ్మకం. కానీ ముందే ఒక వైపు మొగ్గు ఉన్న గుంపు చర్చ తర్వాత మధ్యకు రాదు, ఆ వైపే ఇంకాస్త జరుగుతుంది. 1969లో సెర్జ్ మొస్కొవిచి, మరిసా జవలోని ఫ్రెంచి విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, దేశాధ్యక్షుడు ద గోల్ మీద ముందే ఉన్న అభిమానం చర్చ తర్వాత పెరిగింది, అమెరికన్ల మీద ముందే ఉన్న వ్యతిరేకతా పెరిగింది. కారణాలు రెండు. ఒకే వైపు ఉన్నవారు మాట్లాడితే కొత్తగా వినపడే వాదనలన్నీ ఆ వైపువే. పైగా అందరూ మనలాగే అనుకుంటున్నారని తెలిశాక, మనం ఇంకో అడుగు ముందున్నామని చూపించుకోవాలన్న ఉబలాటం ఉంటుంది.

నిర్ణయాలు తీసుకునే చిన్న బృందాల్లో ఇది ఇంకో రూపం తీసుకుంటుంది. అమెరికా ప్రభుత్వం 1961లో క్యూబాపై చేయించిన విఫల దాడిని పరిశీలించి, సామరస్యం కోసం సందేహాలను మింగేసే ధోరణిని ఇర్వింగ్ జానిస్ 1970ల మొదట్లో వర్ణించాడు. ఆ సిద్ధాంతంలోని ప్రతి అంశానికీ ప్రయోగాల మద్దతు దొరకలేదు. అయినా దాని నీడ కనిపించే ఘటనలు చరిత్రలో ఉన్నాయి.

1986 జనవరి 27 రాత్రి, చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగానికి ముందు ఒక టెలికాన్ఫరెన్స్ జరిగింది. రాకెట్ బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు, ఇంత చలిలో రబ్బరు సీళ్లు పనిచేయకపోవచ్చు, ప్రయోగం వద్దు అన్నారు. నాసా అధికారులు ఆ వాదనను గట్టిగా ప్రశ్నించారు. కంపెనీ పెద్దలు కాసేపు ఫోను పక్కనపెట్టి తమలో తాము మాట్లాడుకున్నారు. ఇంజినీరింగ్ టోపీ తీసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకోమని ఒక సీనియర్ మేనేజరు తన సహచరుడికి చెప్పాడు. తిరిగి వచ్చి ప్రయోగానికి సరేనన్నారు. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని నాసా వైపు నుంచి అడిగారు. లైనులో ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు ఉదయం, ఎగిరిన 73 సెకన్లకు నౌక ముక్కలైంది, ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. ఆ రాత్రి తెలియని విషయమంటూ పెద్దగా లేదు. సీళ్ల సంగతి తెలిసినవారు ఆ లైనులోనే ఉన్నారు. మళ్లీ అడిగినప్పుడు, తేలిపోయిన నిర్ణయాన్ని తిరగదోడేవారు లేకపోయారు.

## మన జట్టు

గుంపు మీద మమకారం పుట్టడానికి ఉమ్మడి చరిత్రో, భాషో ఉండాలనుకుంటాం. 1970ల మొదట్లో బ్రిస్టల్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ 14, 15 ఏళ్ల కుర్రాళ్లను ఏ అర్థమూ లేని కారణంతో విడదీశాడు. మీకు ఫలానా చిత్రకారుడి బొమ్మలు నచ్చాయి కాబట్టి ఈ జట్టు అని చెప్పాడు. నిజానికి అది లాటరీ. ఎవరెవరు ఏ జట్టో ఒకరికొకరికి తెలియదు, తమకు వచ్చేదేమీ లేదు. అయినా డబ్బు పంచమంటే సొంత జట్టుకు ఎక్కువ వేశారు. ఇంకా విడ్డూరం, తమ జట్టుకు వచ్చే మొత్తం తగ్గినా సరే, అవతలి జట్టుతో తేడా పెరిగే పంపకం వైపు మొగ్గారు.

షెరీఫ్ 1954లో ఓక్లహోమాలో చేసిన శిబిరం దీనికి ముందుదే. 22 మంది బాలురను రెండు జట్లు చేసి పోటీలు పెడితే కొద్ది రోజుల్లో జెండాలు తగలబెట్టుకునేదాకా వచ్చింది. రెండు జట్లూ కలిస్తే తప్ప తీరని అవసరాలు, నీటి సరఫరా ఆగిపోవడం వంటివి, కల్పిస్తే వైరం సడలింది. తక్కువ మందికి తెలిసిన సంగతి ఒకటుంది. 1953లో ఆయన చేసిన ఇలాంటి ప్రయత్నం విఫలమైంది. అప్పుడు బాలురు ముందే కలిసిమెలిసి స్నేహితులయ్యారు. తర్వాత విడదీసి ఉసిగొల్పినా కొట్లాటకు దిగలేదు, పెద్దవాళ్ల మీదే అనుమానపడ్డారు.

## ఆజ్ఞ, పాత్ర, వాటి వెనక కథ

స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రయోగం అందరికీ తెలిసిందే. శాస్త్రవేత్త కొనసాగించమంటుంటే, పక్క గదిలోని మనిషికి విద్యుత్ షాకులు ఇస్తున్నామని నమ్మిన 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. షాకులు నిజానికి లేవు. ఆ 65 శాతం అన్న అంకె ఒక్కటే లోకంలో తిరిగింది. మిల్‌గ్రామ్ చేసిన రకాలు ఇరవై దాకా ఉన్నాయి, అంకెలు ఒక్కోదానిలో ఒక్కోలా ఉన్నాయి. బాధితుడి చేతిని స్వయంగా పలక మీద అదిమిపట్టాల్సి వస్తే 30 శాతం. శాస్త్రవేత్తలు ఇద్దరుండి ఒకరితో ఒకరు విభేదిస్తే సున్నా. పక్కన కూర్చున్న ఇద్దరు సహచరులు మేం చేయం అని లేచిపోతే, 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారు. ఆజ్ఞను ఆపినది ధిక్కరించిన తోటివారు. ఆష్ గదిలో తోడు చేసిన పనికి ఇది పెద్ద రూపం.

పాల్గొన్నవారిలో కొందరికి షాకులు నిజం కావన్న అనుమానం ఉందని తర్వాతి పరిశీలనలు చూపాయి. "మీకు వేరే దారి లేదు, కొనసాగించాల్సిందే" అన్న ఆఖరి హుకుం దాదాపు పనిచేయలేదు. ప్రయోగం కొనసాగడం అవసరం అన్న మాట మాత్రం పనిచేసింది. అందుకే అలెక్స్ హాస్లమ్, స్టీఫెన్ రైకర్ వంటివారు ఇది గుడ్డి విధేయత కాదంటారు. విజ్ఞానం అనే మంచి పనిలో భాగమవుతున్నామన్న నమ్మకమే వారిని నడిపిందన్నది వీరి వివరణ. గుడ్డి విధేయత కన్నా ఇది కలవరపెట్టే వివరణ.

1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం పరిస్థితి వేరు. అందులో విద్యార్థులను ఖైదీలుగా, కాపలాదారులుగా విడదీసి ఉత్తుత్తి జైలులో పెట్టారు. రెండు వారాలకు అనుకున్నది ఆరు రోజుల్లో ఆగింది. మామూలు విద్యార్థులు కాపలాదారు దుస్తులు తొడగగానే క్రూరులయ్యారని దశాబ్దాలుగా చెప్పుకున్నారు. ఇటీవల బయటపడ్డ రికార్డింగులను బట్టి, కఠినంగా ఉండమని కాపలాదారులకు నిర్వాహకుల నుంచే ఒత్తిడి ఉంది. 2002లో బీబీసీలో ప్రసారమైన ఇలాంటి జైలు అధ్యయనంలో కాపలాదారుల మధ్యే ఐకమత్యం కుదరలేదు, ఖైదీలే పైచేయి సాధించారు. పాత్ర దానంతట అదే మనిషిని మింగేస్తుందనడానికి స్టాన్‌ఫర్డ్ ప్రయోగాన్ని ఇక సాక్ష్యంగా నిలబెట్టలేం.

## తెర మీద అంకెలు

ఇప్పుడు గుంపు ముఖాలతో కాక అంకెలతో కనిపిస్తోంది. లైకులు, వ్యూలు, నక్షత్రాలు. 2006లో అచ్చయిన ఒక ఆన్‌లైన్ ప్రయోగంలో 14,000 మందికి పైగా శ్రోతలను, ఎవరికీ తెలియని 48 పాటలను తీసుకుని ఎనిమిది వేర్వేరు లోకాలు సృష్టించారు. ప్రతి లోకంలోనూ అక్కడివారి డౌన్‌లోడ్ల లెక్క కనిపిస్తుంది. ఒక లోకంలో అగ్రస్థానంలో ఉన్న పాట ఇంకో లోకంలో అడుగున పడింది. మరీ మంచివి పూర్తిగా మునగలేదు, మరీ చెత్తవి తేలలేదు. మధ్యలో ఉన్న అధిక భాగానికి మొదటి కొద్దిమంది నొక్కుడే రాత రాసింది. 2013లో మరో బృందం ఒక వార్తల సైటులో వ్యాఖ్యలకు పుట్టగానే ఒక్క సానుకూల ఓటు తగిలిస్తే, వాటి తుది స్కోరు సగటున 25 శాతం పెరిగింది. ప్రతికూల ఓటు తగిలించిన వాటిని తర్వాతివారు సరిదిద్దారు. మంచి అన్నదాన్ని జనం తరచి చూడరు, చెడ్డ అన్నదాన్ని మాత్రం ఆగి చూస్తారు.

2010లో అమెరికా ఎన్నికల రోజున ఫేస్‌బుక్ 6 కోట్ల 10 లక్షల మందిపై చేసిన ప్రయోగంలోనూ ఇదే దారి కనిపిస్తుంది. ఓటు వేయండి అన్న సందేశం మాత్రమే చూసినవారికీ, ఏమీ చూడనివారికీ ఓటింగులో తేడా రాలేదు. ఓటు వేశామని చెప్పిన స్నేహితుల ముఖాలను కూడా చూసినవారిలో స్వల్ప పెరుగుదల ఉంది. శాతంలో స్వల్పమే గానీ, స్నేహితుల స్నేహితులకు పాకినదాన్ని కూడా కలిపితే అదనంగా పడిన ఓట్లు 3,40,000 దాకా ఉంటాయని పరిశోధకుల అంచనా.

## ఒక్క గొంతు

ఈ ప్రభావాన్ని తట్టుకోవడంలో మొదటి అడ్డంకి, అది తమ మీద పనిచేయదన్న నమ్మకం. కరెంటు పొదుపుపై 2008లో కాలిఫోర్నియాలో వెలువడిన అధ్యయనంలో, ఎందుకు పొదుపు చేస్తున్నారని అడిగితే పర్యావరణం, డబ్బు అన్నారు. ఇరుగుపొరుగు అన్న కారణాన్ని అట్టడుగున పెట్టారు. అసలు వాడకంతో పోల్చి చూస్తే, ఇరుగుపొరుగు ఏం చేస్తున్నారన్న అంచనాకే అన్నిటికన్నా గట్టి సంబంధం ఉంది. పొగ గదిలో కూర్చున్నవారు ఆవిరి అనుకున్నాం అన్నట్టే ఇదీ.

అందుకే సంకల్పాన్ని నమ్ముకోవడం కన్నా పద్ధతిని మార్చడం మేలు. సమావేశంలో చర్చకు ముందే ఎవరి అభిప్రాయం వారు రాసి ఇవ్వడం, పెద్దవారు చివర్లో మాట్లాడటం, "అభ్యంతరం ఉందా?" అని కాక "ఇందులో లోపాలేమిటి?" అని అడగడం, గాల్టన్ చీటీలకు ఉన్న స్వతంత్రతను కొంతైనా కాపాడతాయి. పేరుకు ఒకరికి వ్యతిరేకించే పాత్ర అప్పగించడం అంతగా ఫలించదు. నిజంగా నమ్మి విభేదించేవారు ఉన్నప్పుడే మిగతావారి ఆలోచన కొత్త దారులు వెతుకుతుందని షార్లన్ నెమెత్ పరిశోధనలు చూపాయి.

విభేదించేవారు తక్కువ మందే అయినా ఫలితం ఉంటుంది, ఒక షరతు మీద. 1969లో మొస్కొవిచి బృందం ఆష్ ప్రయోగాన్ని తిరగేసింది. ఆరుగురిలో ఇద్దరు నీలం స్లైడ్లను ఆకుపచ్చ అన్నారు. ప్రతిసారీ తడబడకుండా అన్నప్పుడు మిగతావారి జవాబుల్లో 8 శాతానికి పైగా ఆకుపచ్చ అని వచ్చాయి. మాట మారుస్తూ అన్నప్పుడు 1 శాతం చిల్లరే. ప్రభావం చిన్నదే, కానీ నిలకడ లేనిచోట అది కూడా లేదు.

తోడు ఎంత చిన్నదైనా చాలన్నది 1971లో వెర్నన్ అలెన్, జాన్ లెవిన్ పరీక్షించిన సంగతి. కంటికి సంబంధించిన ప్రశ్నలకు గుంపంతా తప్పు చెప్తుంటే, సరిగ్గా చెప్పే ఒక్క వ్యక్తికి సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టారు. అతడికి చూపు సరిగా ఆనదని అందరికీ తెలిసేలా చేశారు. అతడి సాక్ష్యానికి విలువ లేదు. అయినా అతడు గుంపును కాదన్నాక పక్కనున్నవారి లొంగుబాటు తగ్గింది. చూపు బాగున్న తోడు దొరికినప్పుడు ఇంకా తగ్గింది.